ఊరేగింపులో ఒక గిటారు

అతడు ఊరు వదిలి ఎక్కడికో వెళ్లిపోయి పేరు తెచ్చుకోలేదు. ఊళ్లోనే ఉండి నలుగురినీ పిలిచాడు. కెనడాలో పుట్టిన ట్రంపెట్ వాద్యకారుడు, రోమ్ నుంచి వచ్చిన బాస్ వాద్యకారుడు, సార్డీనియా దీవి వాడు, అల్జీరియా డ్రమ్మరు... అందరూ అతడి గిటారు పక్కన నిలబడ్డారు. చివరికి అతడు వెళ్లిపోయిన రోజున మాత్రం నలుగురు కలిసి నడవడానికి కూడా వీల్లేదు!

ఫ్రాన్స్ పటం తీసి చూడండి. పడమటి వైపు సముద్రంలోకి ముక్కులా పొడుచుకుని వచ్చిన నేల ఒకటి కనిపిస్తుంది. అదే బ్రిటనీ. ఆ ముక్కు కొసన ఉన్న జిల్లాను ఫ్రెంచివాళ్లు ‘ఫినిస్టేర్’ అంటారు. అంటే భూమి అంతమయ్యే చోటు. పారిస్ వైపు నుంచి చూస్తే అంతేగా మరి... అక్కడితో నేల అయిపోతుంది, ఆ తర్వాత అంతా అట్లాంటిక్ మహాసముద్రమే. కానీ అక్కడే పుట్టి పెరిగినవాళ్లు తమ బ్రెటన్ భాషలో ఆ జిల్లాను ‘పెన్-ఆర్-బెడ్’ అని పిలుచుకుంటారు. పెన్ అంటే తల, బెడ్ అంటే ప్రపంచం. ప్రపంచానికి తల అన్నమాట! ఒకరికి ఆఖరు, ఇంకొకరికి మొదలు. ఎక్కడ నిలబడి చూస్తున్నామన్న దాన్నిబట్టి ఉంటుంది.

జాక్ పెలెన్ 1957లో పుట్టింది ఆ జిల్లాలోని బ్రెస్ట్ రేవు పట్నంలో. జాజ్ గిటారిస్టు. తన నేలను ‘మొదలు’ అనుకుని పాట కట్టినవాడు.

కూలిన ఊళ్లో కొత్త పాట

బ్రెస్ట్ పాత ఊరే కానీ పాత ఇళ్లు మాత్రం పెద్దగా కనిపించవు. నౌకాదళ స్థావరం కావడంతో రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు దాన్ని పట్టుకుని కూర్చున్నారు. 1944 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో అమెరికా సేనలు ముట్టడి వేసి ఊరిని విడిపించేసరికి మిగిలింది రాళ్ల గుట్టలే. తర్వాత గీత గీసినట్టు తిన్నని వీధులతో, కాంక్రీటు మేడలతో మళ్లీ కట్టారు. పెలెన్ పుట్టేనాటికి ఆ కొత్త గోడల వయసు పట్టుమని పదేళ్లు.

కూలింది గోడలే కాదు, భాష కూడా. బ్రెటన్ భాష ఫ్రెంచికి చుట్టం కాదు. బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతం భాషకు దగ్గరిది, సెల్టిక్ కుటుంబానికి చెందింది. ఒకప్పుడు బళ్లో బ్రెటన్ మాట్లాడిన పిల్లవాడి మెడలో చెక్కముక్కో, పాత చెప్పో వేలాడదీసేవారు. ఇంకో పిల్లవాడు నోరు జారి బ్రెటన్ మాట్లాడితే అది వాడి మెడలోకి మారేది. సాయంత్రానికి ఎవరి మెడలో ఉంటే వాడికి శిక్ష! అలా సిగ్గుపడుతూ పెరిగిన తరం తమ పిల్లలకు ఆ భాష నేర్పలేదు. 1950 ప్రాంతంలో దాదాపు పది లక్షల మంది మాట్లాడిన భాష అది. 2018 సర్వేలో రెండు లక్షలు తేలారు. 2024 నాటికి లక్ష పైచిలుకు మాత్రమే మిగిలారు.

అలాంటి చోట పాట ఒక్కటే కొంగు పట్టుకుని వెనకే వచ్చింది. 1972 ఫిబ్రవరి 28న పారిస్‌లోని ఒలింపియా థియేటర్లో అలన్ స్టివెల్ అనే బ్రెటన్ యువకుడు తన హార్ప్ వాద్యంతో కచేరీ చేశాడు. పక్కన ఎలక్ట్రిక్ గిటారుతో డాన్ ఆర్ బ్రాజ్. తాతల నాటి పాటలు రాక్ సంగీతం జోరుతో మోగేసరికి ఫ్రాన్స్ అంతా అటు తిరిగి చూసింది. కుర్రకారు అటకల మీది వాద్యాలు దింపారు. అప్పటికి పెలెన్‌కు పదిహేనేళ్లు అటూఇటూ.

స్టివెల్, డాన్ ఆర్ బ్రాజ్ చూపించిన దారి పెద్ద రోడ్డు లాంటిది. పెద్ద వేదికలు, వేల మంది జనం. 1996లో డాన్ ఆర్ బ్రాజ్ బృందం యూరోవిజన్ పాటల పోటీలో ఫ్రాన్స్ తరఫున బ్రెటన్ భాషలోనే పాడింది. ఒకనాడు బళ్లో నిషేధించిన భాష దేశం తరఫున వేదికెక్కింది! పెలెన్ మాత్రం పక్కనున్న సన్న బాట పట్టాడు. ఆయనకు జాజ్ అంటే ఇష్టం. అమ్మమ్మల పాటా కావాలి. రెండింటినీ ఒకచోట కూర్చోబెట్టడం ఎలా?

మెట్ల మధ్య స్వరాలు

అదేమంత కష్టం అనిపించవచ్చు. పాట కింద నాలుగు జాజ్ కార్డ్‌లు వేసేస్తే సరి. చాలామంది చేసింది అదే. సమస్య కూడా అక్కడే!

బ్రెటన్ పాట చిన్నది. నాలుగైదు స్వరాల మధ్యే తిరుగుతుంది. ఒక్కరు పాడరు, ఇద్దరు పాడతారు. మొదటి వ్యక్తి చరణం పాడుతుంటే ఆ చివరి రెండు మూడు అక్షరాల దగ్గర రెండో వ్యక్తి గొంతు కలిపి, తానందుకుని మొత్తం తిరిగి పాడతాడు. ఆయన చివరికి వచ్చేసరికి మళ్లీ మొదటివాడు అందుకుంటాడు. పాట ఎక్కడా తెగదు. దీన్ని ‘కన్ హ దిస్కన్’ అంటారు. మన వంతపాట గుర్తొస్తోంది కదూ! ఈ పాటకు జనం చిటికెన వేళ్లు పెనవేసుకుని వలయంగా ఆడతారు. రాత్రంతా సాగే ఆ ఆటల పండగ పేరు ఫెస్ట్-నోజ్. దీన్ని 2012లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇక వాద్యాల్లో ముఖ్యమైంది బాంబార్డ్. మన సన్నాయి జాతిదే, రెండు రెల్లు ముక్కలతో ఊదేది. దానికి జత బినియూ అనే చిన్న బ్యాగ్‌పైపు, మన జానపదుల తిత్తి లాంటిది. గిటారు ఈ జాబితాలో ఎక్కడా లేదు. అది బయటి నుంచి వచ్చిన చుట్టం.

పైగా గిటారుకు మెట్లుంటాయి. ఏ స్వరం ఎక్కడ పలకాలో ముందే గీసి పెట్టేసినట్టు. పల్లెటూరి బ్రెటన్ గాయకుడి గొంతు ఆ గీతల మీద ఆగదు, రెండు మెట్ల మధ్య ఎక్కడో వాలుతుంది. గమకాలకు అలవాటు పడిన మన చెవికి ఆ సంగతి చప్పున తెలిసిపోతుంది. ఆ గొంతు కింద బరువైన కార్డ్ వేశారా... పాట అక్కడే మునిగిపోతుంది. అందమైన చట్రంలో బిగించిన పాత ఫొటోలా కనిపిస్తుంది, ప్రాణం ఉండదు.

అందుకే పెలెన్ పాటను చట్రంలో బిగించలేదు. గిటారును మోగించి, ఆ మోత గాల్లో నిలిచేలా వదిలేసేవాడు. తీగల మధ్య ఖాళీ ఉంచేవాడు. గాయకుడు ఎటు వాలితే అటు చోటిచ్చేవాడు. వేగంగా వాయించడం రాక కాదు, జాజ్‌లో ఆయన చెయ్యి దిట్టమైనదే. ఎక్కడ వాయించాలో తెలిసినవాళ్లు చాలామంది ఉంటారు. ఎక్కడ వాయించకూడదో తెలిసినవాళ్లు తక్కువ. పెలెన్ ఆ తక్కువమందిలో ఒకడు.

హార్ప్ నేర్పిన పాఠం

ఆ పాఠం ఆయన జీవితంలోకి హార్ప్ రూపంలో కూడా వచ్చింది. క్రిస్టెన్ నొగెస్ 1952లో పారిస్ పక్కనున్న వెర్సాయ్‌లో ఓ బ్రెటన్ కుటుంబంలో పుట్టింది. స్టివెల్‌కు హార్ప్ నేర్పిన డెనీజ్ మెజ్వాఁ దగ్గరే ఆమె కూడా నేర్చుకుంది. వయసు వచ్చాక బ్రిటనీకి తిరిగొచ్చి బ్రెటన్ భాషను పట్టుదలగా నేర్చుకుంది. 1976లో ‘మార్క్ గ్వెజ్’ అనే రికార్డు చేసింది. అడవి గుర్రం అని ఆ పేరుకు అర్థం. ఆమె సంగీతమూ అలాంటిదే, కళ్లేనికి లొంగేది కాదు. హార్ప్ అంటే దేవతల బొమ్మల పక్కన ఉండే తియ్యని వాద్యమనుకునేవాళ్లను ఆమె ఉలిక్కిపడేలా చేసింది.

పెలెన్, నొగెస్ సంగీతంలోనే కాదు, జీవితంలోనూ తోడయ్యారు. గిటారు, హార్ప్ రెండూ మీటే వాద్యాలే. రెండింటి మోతా ఒకే చోట నిలుస్తుంది. ఇద్దరూ ఒకేసారి చెలరేగితే గందరగోళం తప్ప ఇంకేమీ వినపడదు. ఒకరు మీటుతున్నప్పుడు ఇంకొకరు ఆగాలి. ఆగినవాళ్లు వినాలి. సంసారంలో పనికొచ్చే సూత్రమే సంగీతంలోనూ పనికొచ్చింది!

నలుగురూ కలిసి నడవగా...

బ్రిటనీ వాళ్లకు ఊరేగింపు కొత్త కాదు. లొక్రొనాన్ అనే ఊళ్లో ఆరేళ్లకోసారి జనం జెండాలు, విగ్రహాలు పట్టుకుని పన్నెండు కిలోమీటర్లు పొలాల మీదుగా నడుస్తారు. ముసలివాళ్లు, పిల్లలు, నమ్మకమున్నవాళ్లు, సరదాకు వచ్చినవాళ్లు... ఎవరి నడక వారిది. దారి మాత్రం ఒకటే.

పెలెన్ తన బృందానికి పెట్టుకున్న పేరు ‘సెల్టిక్ ప్రొసెషన్’. సెల్టిక్ ఊరేగింపు అన్నమాట. అందులో నొగెస్ హార్ప్ ఉంది. మొలార్ అన్నదమ్ములున్నారు. పాట్రిక్ మొలార్ స్కాట్లండ్ వెళ్లి అక్కడి బ్యాగ్‌పైపు విద్య నేర్చుకొచ్చినవాడు, జాకీ మొలార్ వయొలిన్ వాయిస్తాడు. వీళ్లది ఇంటి వరస. ఇక బయటి నుంచి వచ్చినవాళ్లను చూడండి. బాస్ మీద రికార్డో డెల్ ఫ్రా. రోమ్‌లో పుట్టి, 1988లో చనిపోయిన అమెరికన్ ట్రంపెట్ దిగ్గజం చెట్ బేకర్ పక్కన ఏళ్ల తరబడి వాయించినవాడు. 2004 నుంచి చాలా ఏళ్లపాటు పారిస్ సంగీత కళాశాలలో జాజ్ విభాగానికి పెద్దగా ఉన్నవాడు. డ్రమ్స్ మీద పీటర్ గ్రిట్జ్. వీళ్లకు తోడు కెన్నీ వీలర్!

జాజ్ తెలిసినవాళ్లు ఆ పేరు వింటే ఒక్క క్షణం ఆగుతారు. 1930లో కెనడాలోని టొరంటోలో పుట్టి, 1952లో లండన్ చేరి, అక్కడే స్థిరపడ్డ ట్రంపెట్, ఫ్లూగల్‌హార్న్ విద్వాంసుడు. యూరప్ జాజ్‌లో ఆయన రాసిన బాణీలను పాఠాల్లా వాయించుకుంటారు. అంత పేరున్నా సిగ్గరి. మాట తక్కువ, వాద్యంలో మాత్రం దిగులూ వెలుగూ కలగలిసి పలికేవి. భూమి చివరనున్న ఊరి గిటారిస్టు పిలిస్తే ఆ పెద్దమనిషి వచ్చాడు. 1990ల మొదట్లో వచ్చిన ‘సెల్టిక్ ప్రొసెషన్’ రికార్డులో ఆయన ఊదిన స్వరాలు బ్రెటన్ పాట మీద సముద్రపు పొగమంచులా వాలతాయి.

ఈ బృందానికి స్థిరమైన పట్టిక లేదు. వచ్చేవాళ్లు వచ్చేవారు, వెళ్లేవాళ్లు వెళ్లేవారు. బ్రిటనీ రాజధాని రెన్ నగరంలో ఏటా జరిగే ‘లే తోంబే ద లా నుయి’ ఉత్సవంలో వాళ్లిచ్చిన కచేరీ తర్వాత రికార్డుగా కూడా వచ్చింది. అందులో ఎవరూ ఎవరి వెనకా నడుస్తున్నట్టుండదు. బ్యాగ్‌పైపు తన శ్రుతి వదలదు, ట్రంపెట్ తన స్వేచ్ఛ వదలదు. మధ్యలో గిటారు మాత్రం ఇద్దరికీ అర్థమయ్యే మాట ఒకటి వెతుకుతూ ఉంటుంది.

దీవి నుంచి వచ్చిన చుట్టం

మొలార్ అన్నదమ్ములతో పెలెన్ చేసిన మరో రికార్డు ‘త్రిప్టీక్’. మూడు పలకల చిత్రం అని అర్థం. బ్యాగ్‌పైపు, వయొలిన్, గిటారు... మూడే. డ్రమ్ లేదు, బాస్ లేదు. దాక్కోవడానికి చోటే లేదు.

1990ల చివర్లో వచ్చిన ‘కొందాగెస్’ ఇంకో ముగ్గురి కలయిక. ఇందులో పెలెన్ పక్కన ఇద్దరున్నారు. ఒకరు పావొలో ఫ్రెజు. ఇటలీకి చెందిన సార్డీనియా దీవిలో బెర్కిద్దా అనే చిన్న ఊరి వాడు. ఊరి బ్యాండు మేళంలో ట్రంపెట్ మొదలుపెట్టి ప్రపంచమంతా తిరిగాడు. 1988లో ఆ చిన్న ఊళ్లోనే జాజ్ ఉత్సవం ప్రారంభించాడు. రెండోవాడు గాయకుడు ఎరిక్ మార్షాన్. పుట్టింది పారిస్‌లో. బ్రెటన్ పల్లెల్లో ముసలివాళ్ల దగ్గర కూర్చుని పాట నేర్చుకుని, ఆ పాటకే పెద్ద దిక్కయ్యాడు. రుమేనియా పల్లె వాద్యబృందాలతో పాడాడు. జైపూర్ నుంచి వెళ్లిన తబలా కళాకారుడు హమీద్ ఖాన్‌తోనూ ముగ్గురి బృందంగా పాడాడు. మెట్ల మధ్య వాలే స్వరాల రహస్యం తెలిసినవాడు కాబట్టి మన తబలా పక్కన ఆయనకు కొత్తేమీ అనిపించి ఉండదు.

ఇంతకీ కొందాగె అంటే ఏమిటో తెలుసా? మధ్యయుగాల్లో సార్డీనియా మఠాల్లో రాసిపెట్టుకున్న దస్తావేజులు. ఎవరి పొలం ఎవరికి, ఏ హద్దు ఎక్కడ... ఇలాంటి లెక్కలన్నీ లాటిన్‌లో కాకుండా ఆ దీవి జనం సొంత భాషలో రాశారు. రాజభాష కాని భాషకు దస్తావేజు దొరకడం ఎంత విలువైన విషయమో బ్రెటన్ వాడికి ఒకరు చెప్పాలా? ఒక చిన్న భాష, ఇంకో చిన్న భాషను పలకరించిన రికార్డు అది.

ఆ తర్వాతా పెలెన్ ఆగలేదు. అల్జీరియాలో పుట్టిన డ్రమ్మరు కరీం జియాద్‌తో, బాస్ వాద్యకారుడు ఎటియెన్ కల్లాక్‌తో కలిసి ‘ఆఫ్‌షోర్’ అనే త్రయం నడిపాడు. ఆఫ్రికా ఉత్తర తీరపు లయ, బ్రిటనీ తీరపు రాగం. మధ్యలో ఉన్న సముద్రం అడ్డం రాలేదు.

బిడ్డల కోసం ఏడ్చిన పాట

పెలెన్ బృందం చేసిన రికార్డుల్లో ఒకదాని పేరు ‘లామెంట్ ఫర్ ది చిల్డ్రన్’. బిడ్డల కోసం విలాపం. ఇది స్కాట్లండ్ బ్యాగ్‌పైపు సంగీతంలో చాలా పాత బాణీ. పదిహేడో శతాబ్దంలో స్కై అనే దీవిలో పాట్రిక్ మోర్ మక్రిమ్మన్ అనే వాద్యకారుడు కట్టాడని చెప్పుకుంటారు. ఆయనకు ఎనిమిది మంది కొడుకులట. దీవికి మశూచి వచ్చింది. ఏడాది తిరిగేలోగా ఏడుగురు పోయారట. ఆ తండ్రి నోట మాట రాలేదు, పాట వచ్చింది.

ఈ రకం బాణీల పద్ధతి మనకు అంత దూరమేమీ కాదు. మొదట ఒక సాదా పల్లవి. దాన్ని నేల అని పిలుస్తారు. తర్వాత సంగతుల మీద సంగతులు వేసుకుంటూ వెళ్తారు. వేళ్లు చిక్కులు పడేంత వేగం వస్తుంది. చివరికి అంతా వదిలేసి మళ్లీ ఆ మొదటి నేల మీదికి వచ్చి ఆగుతారు. బాణీ అదే. వినేవాడు మాత్రం మొదట్లో ఉన్న మనిషి కాడు.

2007లో క్రిస్టెన్ నొగెస్ చనిపోయింది. ఆమెకు అప్పటికి యాభై అయిదేళ్లు అటూఇటూ. గిటారుకు చోటిచ్చి ఆగే చేతులు శాశ్వతంగా ఆగిపోయాయి. పెలెన్ ఆ తర్వాత పదమూడేళ్లు వాయించాడు. వాయించేవాళ్లకు అంతకంటే వేరే దారి ఉండదు.

నడిచేవాళ్లు లేని రోజు

2020 మార్చి 17న ఫ్రాన్స్ తలుపులు మూసుకుంది. ఆ రోజులెలా గడిచాయో ఏ ఇంటికీ కొత్తగా చెప్పక్కర్లేదు. ఫెస్ట్-నోజ్‌లు ఆగిపోయాయి. చిటికెన వేళ్లు పెనవేసుకునే ఆట అది, దూరం దూరంగా నిలబడి ఎలా ఆడతారు? ఒకరి ఊపిరి ఇంకొకరు అందుకుని పాడే పాట అది, ముక్కుకు గుడ్డ కట్టుకుని ఎలా పాడతారు? కరోనా ఏరి ఏరి కొట్టినట్టు బ్రిటనీ వాళ్ల ఆనందం మీదే కొట్టింది.

జాజ్ లోకానికీ అది చెడ్డ కాలమే. మార్చి 24న ఫ్రాన్స్‌లో కామెరూన్ శాక్సఫోన్ విద్వాంసుడు మను దిబాంగో పోయాడు. ఏప్రిల్ 1న అమెరికాలో పియానో గురువు ఎల్లిస్ మార్సాలిస్, గిటారిస్టు బకీ పిజరెల్లీ ఒకే రోజు వెళ్లిపోయారు. 15న లీ కోనిట్జ్. అందరినీ తీసుకెళ్లింది ఆ వైరస్సే.

ఏప్రిల్ 21న ఆ జాబితాలో జాక్ పెలెన్ పేరు చేరింది. పుట్టిన బ్రెస్ట్‌లోనే కన్నుమూశాడు. అరవై మూడేళ్లు.

ఫ్రాన్స్‌లో అంత్యక్రియలకు ఇరవై మందికి మించి ఉండకూడదన్న రోజులవి. తన బృందానికి ఊరేగింపు అని పేరు పెట్టుకుని, జీవితమంతా మనుషుల్ని పక్కపక్కన నడిపించినవాడు... ఊరేగింపే వద్దన్న రోజుల్లో వెళ్లిపోయాడు!

అంత పేరున్న మనిషా అని అడిగితే, కాదు. రేడియోలో రోజూ మోగే పాట ఒక్కటీ ఆయనకు లేదు. ఆయన రికార్డులు దొరకాలంటే కాస్త వెతకాలి. కానీ ఆయన వదిలి వెళ్లింది వేరే ఉంది. బ్యాగ్‌పైపు, ట్రంపెట్ పక్కపక్కన నిలబడవచ్చని ఇప్పుడు బ్రిటనీలో ఎవరికీ రుజువు చెయ్యక్కర్లేదు. పాత పాటను మార్చితే చస్తుందనేవాళ్లకు, మార్చకపోతే చస్తుందనేవాళ్లకు మధ్య ఆయన మూడో మాట చెప్పాడు. పాటకు తోడు దొరికితే బతుకుతుంది.

కన్ హ దిస్కన్‌లో ఒకరి చివరి అక్షరాల మీద ఇంకొకరు గొంతు కలుపుతారు. మొదటివాడు ఆగిపోయినట్టు వినేవాళ్లకు తెలియనే తెలియదు. పెలెన్ కూడా తన చరణం పాడేశాడు. ఆ చివరి అక్షరాలు అందుకోవాల్సినవాళ్లు భూమి కొసన... కాదు, ప్రపంచపు తల మీద ఇంకా వాయిస్తూనే ఉన్నారు.